చూసీ వదిలేసిన కెపాసిటర్

“ఏం చెయ్యమంటారు చెప్పండి? మా బావ చెయ్యి పడిందంటే బతికున్న మెషీన్ కూడా చచ్చి ఊరుకుంటుంది. ఇంటి అల్లుడైపోయాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఎప్పుడో గెంటేసేవాణ్ణి!”

షాపు యజమాని ఈ మాట గొంతు తగ్గించి అనలేదు. మెట్లెక్కి వస్తున్న వాళ్లకు కూడా వినపడేలా అన్నాడు. ఆయన ఎదురుగా, ఇళ్ల ప్లాన్లు గీసే పెద్దమనిషి ముఖం కందగడ్డలా చేసుకుని నిలబడి ఉన్నాడు. చచ్చిపోయిన కంప్యూటర్‌ని రెండు చేతులతో ఎత్తుకుని, దింపితే ఇంకేమవుతుందోనన్నట్టు గుండెకు ఆనించుకున్నాడు. ఆ బావ అనే మనిషి మాత్రం బల్ల వెనక, దుమ్ము దులిపే బ్రష్షు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. వరండాలో పక్క షాపుల వాళ్లు నవ్వారు. నవ్వడానికి పెట్టుబడి అక్కర్లేదు కనక ఆ వరండాలో ఎవరు ఎవర్ని ఏమన్నా నవ్వడం వాళ్లకు అలవాటు.

ఆయన బ్రష్షు బల్ల మీద పెట్టాడు. మడిచిన చొక్కా చేతులు దించుకున్నాడు. ఎవరివైపూ చూడకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ మెట్లు ఎక్కలేదు.

ఆయన్ని బజారంతా సెలూన్ మాస్టర్ అంటుంది. పెట్టిన వాడెవడో తెలియదు గాని ఆ పేరుకు న్యాయం ఉంది. ఆయన బల్ల మీద ఎప్పుడూ ఒక హెయిర్ డ్రయ్యర్, ఒక దూది ఉండ, ఒక స్పిరిట్ సీసా, రెండు బ్రష్షులు ఉండేవి. ఆయన తల మీద మాత్రం ఒక్క వెంట్రుక లేదు. కొత్తగా వచ్చినవాడెవడైనా ఆ బల్ల చూసి, “ఇక్కడ కటింగ్ కూడా చేస్తారా?” అని వేళాకోళం చేస్తే, “చేస్తాను బాబూ, ముందు నాకు నాలుగు మొలిపించి పో” అనేవాడు. అంతకు మించి మాట్లాడేవాడు కాదు.

హెయిర్ డ్రయ్యర్ ఎందుకంటే, వేడికి దెబ్బతిన్న కంప్యూటర్‌తో పెద్ద చిక్కు ఉంది. ఇంట్లో పని మధ్యలో ఆగిపోతుంది. సొంతదారు తిట్టుకుంటూ దాన్ని ఆటోలో వేసుకుని షాపుకి తెస్తాడు. దారిలో గాలి తగిలి అది చల్లబడుతుంది. బల్ల మీద పెట్టి స్విచ్ వేస్తే, తనంత బుద్ధిమంతుడు లేడన్నట్టు పనిచేస్తుంది. “మీకు భ్రమండీ” అని పంపేసే మెకానిక్‌లు ఆ బజారులో బోలెడుమంది. మాస్టర్ పంపేవాడు కాదు. డ్రయ్యర్‌తో బోర్డు మీద ఒక్కో మూలా వేడి చేసుకుంటూ పోయేవాడు. ఎక్కడో ఒకచోట మెషీన్ తడబడేది. అప్పుడు డ్రయ్యర్ పక్కన పెట్టేసి, దూది స్పిరిట్‌లో ముంచి, అక్కడి భాగాల మీద ఒకదాని తర్వాత ఒకటిగా అద్దేవాడు. దేన్ని చల్లబరిస్తే మెషీన్ మళ్లీ తేరుకుంటుందో అదే దొంగ. జ్వరం వచ్చిన పిల్లాడికి తడిగుడ్డ వేస్తున్న తల్లిలా వంగి కూర్చునే ఆ మనిషిని చూస్తే, కోపంతో వచ్చినవాడు కూడా కాసేపు గొంతు తగ్గించేవాడు.

షాపు ఆయనది కాదు. భార్య అన్నగారిది. మేడ మీద ఇరుకు గది. ముందు యజమాని బల్ల, వెనక మాస్టర్ బల్ల. ఇద్దరూ ఒకర్నొకరు బావా అనే పిలుచుకునేవారు. పొద్దస్తమానూ ఆ గదిలోంచి “బావా, స్క్రూడ్రైవర్!” “నీ చెవి వెనకే ఉంది చూసుకో బావా!” అని వినిపిస్తూనే ఉండేది. ఎవరు ఎవర్ని పిలుస్తున్నారో వరండాకు తెలిసేది కాదు. కొత్త మెషీన్లు బిగించడం యజమాని బావ పని, చెడినవి బాగుచెయ్యడం మాస్టర్ పని. “నేను బిగించిన మెషీన్ మళ్లీ ఈ మెట్లెక్కదు” అని బావకు గొప్ప. ఎక్కినప్పుడల్లా కరెంటుదో ఎండదో తప్పు అయ్యేది.

మాస్టర్ భార్యకు అన్న ఇల్లే పుట్టిల్లు. నాన్న చిన్నప్పుడే పోతే, చదువు మానేసి చెల్లెల్ని పెంచింది ఆ అన్నే. తల్లి ఆ ఇంట్లోనే ఉండేది. మాస్టర్ భార్యకు మనసు బాగున్నా బాగోకపోయినా రెండు వీధులు దాటి అన్న గుమ్మంలో చెప్పులు విడవాల్సిందే. ఇద్దరు మగవాళ్లు ఒక గదిలో ఒద్దికగా పనిచేసుకుంటున్నారంటే అందులో ఆమె సుఖం ఉంది. అది పోతే ఆమెకు పోయేది పుట్టిల్లే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. తెలిసి ఏం లాభం?

ప్లాన్లు గీసే ఆయన మెషీన్ బావ బిగించిందే. కొన్న కొన్ని నెలలకే మధ్యాహ్నాలు పని మధ్యలో ఆగిపోవడం మొదలుపెట్టింది. పూర్తయిన ఇల్లు ఎలా ఉంటుందో రంగుల్లో బొమ్మ తయారుచేసే సమయంలో మరీను. రెండుసార్లు బావ, “ఎండలు కదండీ, ఫ్యాన్ కింద పెట్టుకోండి” అని చెప్పి పంపేశాడు. మూడోసారి ఆయన వచ్చిన రోజున బావ సరుకు తేవడానికి బయటికి వెళ్లాడు. మెషీన్ మాస్టర్ బల్ల మీదికి వచ్చింది.

స్విచ్ వేసి, బరువైన పని ఒకటి పెట్టి, మాస్టర్ చెవి దగ్గర పెట్టి విన్నాడు. ఫ్యాన్ ప్రాణం పోతున్నట్టు అరుస్తోంది. ప్రాసెసర్ సలసల కాగుతోందని తెర మీద అంకె చెబుతోంది. ఆ ప్రాసెసర్ నెత్తిన కూర్చుని దాని వేడిని లాగి గాలికి వదలాల్సింది హీట్‌సింక్ అనే రెక్కల రెక్కల అల్యూమినియం దిమ్మ. మాస్టర్ దాని మీద వేలు పెట్టాడు. చల్లగా ఉంది.

ఆయన వేలు తీసి మళ్లీ పెట్టాడు. చల్లగానే ఉంది.

కింద నిప్పు, పైన చల్లదనం. అంటే రెంటికీ మధ్య ఏదో అడ్డం ఉంది. మెషీన్ ఆపి, స్క్రూలు విప్పి హీట్‌సింక్ పైకి లేపాడు. దాని అడుగున పలచటి ప్లాస్టిక్ పొర. కొత్త హీట్‌సింక్ అడుగు గీతలు పడకుండా కంపెనీ వాళ్లు అంటించి పంపిస్తారు. బిగించే ముందు దాన్ని ఒలిచి పారెయ్యాలి. అంతే, అంతకన్నా సులువైన పని ఆ వృత్తిలో లేదు. బావ ఫోన్లో మాట్లాడుతూ బిగించి ఉంటాడు. ఆ పొర వేడికి గోధుమరంగుకి తిరిగి, ముడతలు పడి, అంచులు కరిగి ఉంది.

మాస్టర్‌కు ముందు నవ్వొచ్చింది. తర్వాత, తలుపు తడితే తెరుచుకుని లోపల ఒక పెద్దమనిషి బట్టలు మార్చుకుంటూ కనిపిస్తే ఎలా ఉంటుందో అలా అనిపించింది. చటుక్కున ఆ పొర పీకి చెత్తబుట్టలో వేశాడు. అడుగు తుడిచి, వేడిని పైకి అందించే కొత్త పేస్టు రాసి, బిగించి, మళ్లీ నడిపించాడు. ఈసారి హీట్‌సింక్ వెచ్చగా తగిలింది. ఫ్యాన్ అరుపు మాని మామూలుగా తిరిగింది. పని అయిపోయినట్టే.

మూత వెయ్యబోతూ చూశాడు. ప్రాసెసర్ పక్కన చిన్న చిన్న డబ్బాల్లా బారుగా నిలబడి ఉంటాయి, కరెంటును నిలకడగా అందించే కెపాసిటర్లు. వాటి నెత్తి బల్లపరుపుగా ఉండాలి. ఒకదాని నెత్తి కాస్త ఉబ్బినట్టుంది. గోటితో తడిమాడు. ఉబ్బిందే. నెలల తరబడి పక్కనే కుంపటి పెట్టుకుని కూర్చుంటే ఏదైనా అంతే.

దాన్ని మార్చాలంటే బోర్డు మొత్తం ఊడదియ్యాలి. మెషీన్ షాపులో ఉంచుకోవాలి. ఎందుకని ప్లాన్లాయన అడుగుతాడు. ఎందుకని బావ కూడా అడుగుతాడు. నువ్వు ప్లాస్టిక్ ఒలవడం మరిచిపోయావని చెప్పాలి. చెబితే, పదిమంది ముందు గొప్పలు పోయే ఆ మనిషి ముఖం ఎలా మాడిపోతుందో మాస్టర్‌కు కళ్లకు కట్టింది. ఇంకొన్నాళ్లు లాగిస్తుందిలే అనుకున్నాడు. ఆ “లే” ఒక్కటీ ఆయన్ని జీవితమంతా వదల్లేదు.

మూత బిగించి, “దుమ్ము పట్టిందండీ, శుభ్రం చేశాను” అని చెప్పి పంపేశాడు.

వేడి తగిలిన బోర్డు ఆ రోజే చావదు. లోపల్లోపల సగం చచ్చి, తిరుగుతూ, పనిచేస్తూ, ఏదో ఒక రోజు, వేడి లేని రోజున, చల్లగా పోతుంది. అప్పుడు ఆఖరున ముట్టుకున్న చేతికి నేరం అంటుకుంటుంది. ప్లాన్లాయన మెషీన్ కూడా, ఆయన పెద్ద కట్టడం ఒకదాని ప్లాన్లు మర్నాడు అప్పజెప్పాలన్న రోజున, నల్లతెర వేసుకుని కూర్చుంది. ఆ పని వేరేవాళ్లకు పోయింది. ఆయన మెషీన్ ఎత్తుకుని మెట్లెక్కి వచ్చాడు. “ఆఖర్న దీన్ని విప్పింది ఎవరు?” అని అరిచాడు. బావ తల తిప్పి వెనక బల్ల వైపు చూశాడు. అప్పుడన్నాడు ఆ మాట.

ఆ రోజు ఇంటికి చేరేసరికి మాస్టర్ కంటే ముందు కబురు చేరింది. భార్య గుమ్మంలోనే ఉంది.

“అన్నయ్య అందరి ముందూ ఏదో అన్నాడట. అసలేం జరిగిందండీ?”

“నువ్వు కూడా అడుగుతున్నావా?”

“అడక్కపోతే ఎలా తెలుస్తుంది?”

“మీ అన్న చెప్పాడుగా. నా చెయ్యి పడితే చస్తాయని. ఇంకేం తెలియాలి?”

ఆమె అడిగింది అడగడమే. అందులో నేరం మోపడం ఏమీ లేదు. ఆయనకు మాత్రం ఆ పూట ప్రపంచంలో ఉన్న నోళ్లన్నీ ఒక్క నోరే అయ్యాయి. చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ప్లాస్టిక్ పొర గురించి రెండు ముక్కలు. కానీ పొర గురించి చెబితే, “మరి బోర్డు ఏమైంది?” అంటుంది. అప్పుడు కెపాసిటర్ గురించి చెప్పాలి. చూసి కూడా ఎందుకు వదిలేశావంటుంది. అందుకని పొరనీ కెపాసిటర్‌నీ కలిపి మింగేశాడు. మింగినవాడికి తాను గొప్ప త్యాగం చేశాననే అనిపించింది. నోరు మూసుకున్నవాడికి లోకంలో ఊరికే మంచిపేరు వస్తుంది. ఎందుకు మూసుకున్నాడో ఎవడూ అడగడు.

ఆ తర్వాత ఇంటి ముందు గదిలో ఒక బల్ల వేసుకున్నాడు. కిటికీ ఊచకు ఒక అట్టముక్క వేలాడదీశాడు. వెతుక్కుంటూ వచ్చేవాళ్లు వచ్చారు. కానీ చేతికి పాత ధీమా పోయింది. ఏ మెషీన్ వచ్చినా, కీబోర్డులో అక్షరం పడటం లేదన్నా సరే, మూత తీసి ఒక్కో కెపాసిటర్ నెత్తీ గోటితో తడిమి చూసేవాడు. బాగున్న వాటిని కూడా మార్చేవాడు. “పంటినొప్పని వస్తే మోకాళ్లు నొక్కుతాడేంటీయన?” అని జనం నవ్వుకున్నారు. ఒకప్పుడు పూటలో తేల్చేసే పనికి రోజులు పట్టేవి. చేసింది అప్పజెప్పాక కూడా, వీధిలో ఆ మెషీన్ సొంతదారు కనిపిస్తే పక్క సందులోకి తప్పుకునేవాడు.

భార్యను పుట్టింటికి వెళ్లొద్దని ఆయన ఒక్కనాడూ అనలేదు. అంటే ఆమె దెబ్బలాడేది, దెబ్బలాడి వెళ్లేది. ఆమె చీర మార్చుకుని, “అమ్మను చూసొస్తాను” అంటే, ఆయన బల్ల మీద స్క్రూలు ఏరుకుంటూ తల ఎత్తేవాడు కాదు. వద్దనడానికి నోరే కావాలా? ఆమె వెళ్లేది, చుట్టపుచూపుగా కాసేపు కూర్చుని వచ్చేసేది. తర్వాత్తర్వాత ఆ రెండు వీధులూ ఆమెకు చాలా దూరమైపోయాయి. తల్లి మంచం పట్టాక మాత్రం మళ్లీ వెళ్లింది. వెళ్లినప్పుడల్లా తల్లి గుమ్మం వైపు చూసి, “అల్లుడు రాలేదా?” అని అడిగేదట. “పని ఒత్తిడమ్మా” అని ఈమె చెప్పేదట. తల్లి పోయిన రోజున ఆయన వెళ్లాడు. గేటు దగ్గర నిలబడ్డాడు. బావ లోపలి మెట్ల మీద నిలబడ్డాడు. ఎవరు ముందు తల ఎత్తితే రెండోవాడు ఎత్తుదామన్నట్టు ఇద్దరూ నేల చూపులు చూశారు. జనం మధ్యలోంచి వస్తూ పోతూ ఉన్నారు. అలాగే ఆ రోజు అయిపోయింది.

బావ కూడా సుఖపడలేదు. వెనక బల్ల మీద కూర్చోబెట్టిన వాళ్లెవరూ నిలవలేదు. బాగుచేయించుకునే వాళ్లు తగ్గిపోయారు. చెడిపోతే పారేసి కొత్తది కొనుక్కోవడం నాగరికం అయింది. చివరికి షాపు మూసేశాడని మాస్టర్ చెవిన పడింది. విని ఊరుకున్నాడు. సంతోషం వేస్తుందేమోనని చూసుకున్నాడు, వెయ్యలేదు.

బావ మాస్టర్ ఇంటికి వచ్చింది ఆ తర్వాత ఒక్కసారే. మళ్లీ వచ్చే వీలు ఆయనకు లేకపోయింది. నాలుగు రోజులు తిరక్కుండానే, మధ్యాహ్నం కుర్చీలో కునుకు తీస్తూ అలాగే పోయాడు. అందుకే ఆ ఒక్క రాకనీ మాస్టర్ ఇప్పటికీ విడదీసి, దులిపి, మళ్లీ బిగించుకుంటూ ఉంటాడు.

పనివేళే. ఆటో ఆగిన చప్పుడైంది. బావ ఒక పాత కంప్యూటర్‌ని పొట్టకు ఆనించుకుని, ఆయాసపడుతూ గుమ్మంలోకి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. గొంతు మాత్రం అదే గొంతు.

“ఉన్నావా బావా?”

“ఉన్నాను. పోతే నీకు కబురు రాకుండా ఉంటుందా?”

“వెటకారం మాత్రం తగ్గలేదు. ఇది ఎక్కడ పెట్టమంటావు? చేతులు పడిపోతున్నాయి.”

మాస్టర్ బల్ల మీద చోటు చేశాడు. బావ దాన్ని దింపి, అడక్కుండానే స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“వేడెక్కుతోంది, ఆగిపోతోంది. మా కుర్రాళ్లకు అంతుపట్టలేదు.”

“కుర్రాళ్లెవరు? షాపు మూసేశావని విన్నానే.”

“మూసే ముందు చూశారు.”

“అప్పట్నుంచీ ఆగిపోతూనే ఉందా?”

“ఆఁ... ఆగుతూ... నడుస్తూ... అలా ఉంది.”

లోపల్నుంచి భార్య వచ్చింది. వంటింటి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. “అన్నయ్యా, ఇంత చిక్కిపోయావేంటి?”

“మీ వదిన తిండి మానిపించి మాత్రలు పెడుతోందే తల్లీ. అవీ ఎర్రవీ తెల్లవీ కలిపి, చూడటానికి బానే ఉంటాయి.”

ఆమె నవ్వబోయి నవ్వలేకపోయింది. మంచినీళ్లు తెచ్చిచ్చి లోపలికి వెళ్లింది. గిన్నెల చప్పుడు మాత్రం రాలేదు. వింటోంది.

మాస్టర్ మూత తీశాడు. స్విచ్ వేశాడు. కాసేపటికే ఫ్యాన్ వేగం అందుకుంది. హీట్‌సింక్ మీద వేలు పెడితే అది కొద్దిగా కదిలింది. మెషీన్ ఆపి, దీపం దగ్గరికి లాక్కుని చూశాడు. లోపలంతా ఏళ్ల నాటి దుమ్ము, మెత్తగా పరుపులా పేరుకుని ఉంది. హీట్‌సింక్‌ని పట్టి ఉంచే స్క్రూల్లో ఎదురెదురు మూలల్లో ఉన్న రెంటి మీద దుమ్ము నిండి గాడి కూడా కనిపించడం లేదు. మిగతా రెండూ తళతళలాడుతున్నాయి. పైగా వదులుగా ఉన్నాయి. వాటి పక్కన బోర్డు మీద కొత్తగా పడిన గీత ఒకటి.

ఆయన స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు. బిగించేసి, దుమ్ము పట్టిందని చెప్పి పంపేస్తే సరిపోతుంది. చెయ్యి ఆ పని మీదికే పోయింది. ఒక స్క్రూ సగం తిప్పాక ఆగిపోయింది.

“ఈ రెండూ ఎవరు వదులు చేశారు బావా?”

“ఎవరు చేస్తారు? వాటంతటవే అయ్యుంటాయి.”

“వాటంతటవే అయితే దుమ్ము అలాగే ఉండాలిగా. స్క్రూడ్రైవర్ జారిన గీత కూడా ఉంది. నీ చెయ్యి మొదట్నుంచీ కుడివైపే జారుతుంది.”

బావ గోడ వైపు చూశాడు. గోడ మీద చూడటానికి ఏమీ లేదు.

“నేనే” అన్నాడు. “నిన్న సాయంత్రం వదులు చేశాను. ఊరికే ఎలా రమ్మంటావు? ఏం ముఖం పెట్టుకుని రమ్మంటావు? చేతిలో మెషీన్ ఉంటే లోపలికి రానిస్తావు గదా అని.”

మాస్టర్ స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టాడు.

“ఆ ప్లాస్టిక్ ముక్క నేను చూశాను బావా. ఆ రోజే. సాయంత్రం వచ్చి ఏదో పారేద్దామని చెత్తబుట్ట దగ్గరికి వెళితే పైనే కనిపించింది. చూడగానే తెలిసిపోయింది. నువ్వు అడుగుతావేమోనని చూశాను. అడగలేదు. పోనీలే అనుకున్నాను.”

“తెలిసే అన్నావా?”

“తెలిసే అన్నాను. ఆయన అరుస్తున్నాడు. వరండా అంతా గుడ్లప్పగించి చూస్తోంది. నేను బిగించిన మెషీన్ అని అందరికీ తెలుసు. ఇంకెవణ్ణయినా అంటే మర్నాడు మానేసి పోతాడు. నువ్వు ఇంటివాడివి, పడతావనుకున్నాను. సాయంత్రానికి సర్దిచెబుదాం అనుకున్నాను. నువ్వు సాయంత్రం దాకా ఆగలేదు.”

ఈ మాటలు వినడానికి మాస్టర్ ఏళ్లు కాచుకున్నాడు. విన్నాక ఏమనాలో ఎన్నోసార్లు మనసులో అనుకుని, మెరుగులు దిద్ది పెట్టుకున్నాడు. తీరా నోరు తెరిస్తే అందులో ఒక్కటీ రాలేదు.

“ఒక కెపాసిటర్ ఉబ్బింది” అన్నాడు. “ఆ రోజు విప్పినప్పుడే చూశాను. మార్చాల్సింది. మార్చలేదు.”

“ఎందుకు?”

“మారిస్తే నీకు చెప్పాల్సి వస్తుంది.”

ఇద్దరూ బల్ల మీది మెషీన్‌ని చూస్తూ కూర్చున్నారు. అప్పుడు భార్య బయటికి వచ్చింది. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది.

“అయితే మీ ఇద్దరికీ తెలుసు. ఆయన చూసినట్టు నీకు తెలుసు, నువ్వు చేసినట్టు ఆయనకు తెలుసు. తెలియంది నాకొక్కదానికే. అమ్మ ఆఖరి దాకా అల్లుడు రాలేదా అని అడుగుతూనే పోయింది. పని ఒత్తిడి అని చెప్పి చెప్పి నా నోరు అరిగింది. దేనికటా? ఒక ప్లాస్టిక్ ముక్కకి, ఒక... ఏంటది?”

“కెపాసిటర్” అన్నాడు మాస్టర్, మెల్లగా.

“అదే. ఎంతుంటుంది?”

ఆయన చిటికెన వేలి కొస చూపించాడు. ఆమె ఆ వేలికొసను కాసేపు చూసింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, అన్నగారి ముందున్న ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. లోపల కుళాయి విప్పిన చప్పుడైంది. చాలాసేపు అది అలా పారుతూనే ఉంది.

మాస్టర్ పాత పేస్టు తుడిచి, కొత్తది రాసి, నాలుగు స్క్రూలూ మూల మార్చి మూలగా బిగించాడు. బావ దీపం పట్టుకున్నాడు. ఆ గదిలో మళ్లీ “ఇటు పట్టు బావా”, “కనిపిస్తోందా బావా” అనే మాటలు వినిపించాయి. స్విచ్ వేసి, బరువైన పని పెట్టి, హీట్‌సింక్ మీద ఒకరి తర్వాత ఒకరు వేలు పెట్టి చూశారు. వెచ్చగా ఉంది.

ఆటోను పిలిచారు. మాస్టర్ మెషీన్ ఎత్తి సీటు మీద పెట్టాడు. బావ ఎక్కబోయి ఆగి, చెల్లెలి వైపు తిరిగాడు.

“ఇంటికి రామ్మా. ఆ గుమ్మం నీది కూడా.”

“వస్తే ఇద్దరం కలిసే వస్తాం అన్నయ్యా. ఒక్కదాన్నే వచ్చి వచ్చి విసుగొచ్చేసింది.”

ఆమె మొగుడి వైపు చూసింది. బావ కూడా చూశాడు. ఎన్నాళ్లకో, తల ఎత్తి సూటిగా చూశాడు. రేపు వస్తామంటే చాలు. పోనీ తల ఊపినా చాలు. మాస్టర్ చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. శుభ్రంగా ఉన్న వేళ్లను కూడా ఒక్కొక్కటిగా తుడుచుకున్నాడు.

“ముందు దాన్నో వారం నడవనీ బావా” అన్నాడు. “మళ్లీ ఆగిపోలేదంటే, అప్పుడొస్తాం.”